పిలుపు ఫోల్డర్ బయట

పొద్దున్నే కంప్యూటర్ తెరవగానే ఆమె చేసే మొదటి పని ఆఫీసు చెప్పింది కాదు. తనకిచ్చిన సెలవుల ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే ఉండి, టెర్మినల్ అనే నల్లటి తెర మీద ఒక పొడుగాటి ఆజ్ఞ కొట్టేది. ముందు గిట్ అని, దాని పక్కన పెద్ద సి అక్షరం, ఆ పక్కన ‘పిలుపు’ ప్రాజెక్టు ఉన్న ఫోల్డరుకు వెళ్లే దారి మొత్తం, చిట్టచివర లాగ్ అని. ఎంటర్ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేది.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు గిట్ లేనిదే పూట గడవదు. ఏ ఫైల్లో ఎవరు చెయ్యి పెట్టారో, ఏం మార్చారో, ఎందుకు మార్చామని రాశారో అన్నీ అది గుర్తుపెట్టుకుంటుంది. మామూలుగా అయితే ఎవరైనా ఆ ప్రాజెక్టు ఫోల్డర్ లోపలికి వెళ్లి అక్కడి నుంచే అడుగుతారు. దారి రాసి ఇస్తే మాత్రం ఎక్కడ ఉండైనా అడగొచ్చు. ఉన్నచోటి నుంచి కదలకుండా పని కానిచ్చుకోవడానికి పెట్టిన సౌకర్యం అది. ఆమె దాన్ని పంతానికి వాడుకునేది. ఇక పిలుపులో అడుగుపెట్టనని తనలో తాను ఒట్టు పెట్టుకుంది మరి. లోపలికి వెళ్లదు, ఏ ఫైలూ తెరవదు. కొత్తగా వచ్చిన మార్పుల వరుస ఒకసారి చూస్తుంది, అంతే. చూడనని మాత్రం ఒట్టు పెట్టుకోలేదు.

పెద్ద ఆస్పత్రి హాల్లో కూర్చున్న రోగులను పేరు పెట్టి, గది చెప్పి పిలిచే గొంతు ఉంది చూశారూ, దాని వెనక ఉన్నదే పిలుపు. మొదటి అక్షరం నుంచీ ఆమె రాసింది. అందుకే ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ పిలుపులక్కే. పాప పుట్టి, సెలవు ముగించుకుని ఆమె తిరిగి వచ్చేసరికి పిలుపు పొట్టి చేతిలో ఉంది. పొట్టి ఆమె పక్కనే కూర్చుని పని నేర్చుకున్న పిల్ల. “చంటిపిల్ల తల్లి మీరు. తేలిక పని ఇచ్చాంలెండి, మీ మంచికేనమ్మా” అన్నాడు మేనేజరు, ఎంతో దయగా. ఆ తేలిక పని ఉద్యోగులు సెలవు దరఖాస్తు పెట్టుకునే ప్రోగ్రాం. సెలవు పెట్టిన పాపానికి సెలవుల మీదే కూర్చోబెట్టారని ఆమె ఇంటికి వెళ్లి మొగుడితో చెప్పి నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆ రోజు మార్పుల వరుసలో అన్నిటికన్నా పైన పొట్టి పేరు, దాని పక్కన ఒక ముక్క కనపడింది: ‘పేరు పిలిచాక ఆగే సమయం తగ్గించాను.’

ఆమె కుర్చీని ముందుకు లాక్కుంది.

గొంతు ఒక పేరు పిలిచి, తర్వాతి పేరుకు వెళ్లే ముందు కాసేపు ఆగుతుంది. చూడబోతే అదొక చిన్న అంకె. ఆ అంకె కోసం ఆమె ఎన్ని పూటలు ఆ హాల్లో కూర్చుందో లెక్క లేదు. ముసలివాళ్లు చేతికర్ర వెతుక్కోవాలి. చెప్పుల్లో కాళ్లు దూర్చాలి. “నన్నేనా పిలిచింది?” అని పక్కవాళ్లను అడగాలి. అప్పుడు కదా లేచేది! పిలుపులో తనకు ఇష్టమైనది ఏదీ అని ఎవరైనా అడిగితే ఆ ఆగడమే చూపించేది.

“తగ్గించిందట!” అంది పైకే. “ఎంత తీరిక లేదో!”

ఎప్పుడు తగ్గించింది, అంతకుముందు ఎన్నిసార్లు మార్చింది, ఎవరు అడిగితే మార్చింది, అన్నీ కనుక్కోవాలనిపించింది. ఒక్కొక్క ప్రశ్నకూ అంత పొడుగు దారి మళ్లీ మళ్లీ కొట్టాలంటే విసుగు పుట్టింది. దానికీ ఒక ఉపాయం ఉంది. పిలుపు తాలూకు గిట్ చిరునామా ఇదీ అని ఆ టెర్మినల్‌కు ఒకసారి చెప్పి ఉంచితే, అది తెరిచి ఉన్నంతసేపూ ఏ గిట్ ఆజ్ఞ ఇచ్చినా పిలుపుకే పోతుంది. తను నిలబడ్డది ఏ ఫోల్డర్ అయినా సరే. ఆమె చెప్పి ఉంచింది. ఇక చకచకా అడుగుతూ పోయింది. ఒక పాత అంకె పోయి చిన్న అంకె వచ్చిన చోటు దొరికింది. ఎర్రటి గీతలో తను రాసింది, దాని కింద పచ్చటి గీతలో పొట్టి రాసింది. చుట్టుపక్కల ఏముందో చూడలేదు. చూస్తే లోపలికి వెళ్లినట్టే కదా, ఒట్టు తప్పుతుంది. 

ఆ తర్వాత రోజంతా సెలవుల పనే చేసింది. అరపూట సెలవును రెండు అరపూటలుగా లెక్క వేస్తున్న తప్పు ఒకటి ఉంటే పట్టుకుని సరిచేసింది. చేతులు పని చేస్తున్నాయి గాని మనసు ఆస్పత్రి హాల్లో కూర్చుని ఉంది. ఒక పేరు పిలిచి, ఆగకుండానే ఇంకో పేరు. సగం లేచిన ముసలాయన మళ్లీ కూలబడడం. ఊహించుకున్న కొద్దీ కోపం వచ్చింది. కోపం అని ఆమె అనుకుంది. అది దిగులని ఆమెకూ తెలుసు.

సాయంత్రం కావస్తుండగా పిల్లల సంరక్షణ కేంద్రం నుంచి ఫోను. “పాపకి ఒళ్లు వెచ్చగా ఉందండీ. వచ్చి తీసుకెళ్తారా?”

“వచ్చేస్తున్నా, వచ్చేస్తున్నా” అంటూనే బ్యాగు భుజాన వేసుకుంది. చేసిన పని భద్రం చెయ్యకుండా వెళ్లడం అలవాటు లేదు. నిలబడే, వంగి, ఒంటిచేత్తో ఆజ్ఞలు కొట్టింది. అన్ని మార్పులూ కలుపుకో. ‘అరపూట సెలవు లెక్క సరిచేశాను’ అని రాసుకో. పంపించు. తెర మీద వరుసలు జలజలా పైకి పోయాయి. మామూలుకన్నా ఎక్కువే పోయాయి. ఆమె అప్పటికే లిఫ్టు దగ్గర ఉంది.

పాపకు జ్వరం పెద్దదేమీ కాదు. మందు పడ్డాక తండ్రి భుజం మీద తల వాల్చి కునుకు తీసింది. అతను ఆ భుజం కదలకుండా రెండో చేత్తో గిన్నెలు సర్దుతుంటే ఫోను మోగింది. పొట్టి.

“అక్కా, ఏం చేశావ్?”

“ఏం చేశానే?”

“పిలుపులో ఒక్క ఫైలూ లేదు. అన్నీ పోయి నీ సెలవుల ఫైళ్లు వచ్చి కూర్చున్నాయి. నీ పేరే ఉంది. అరపూట సెలవట!”

ఆమె అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పొద్దున చెప్పి ఉంచిన చిరునామా తీసెయ్యలేదు. సెలవుల ఫోల్డర్‌లో నిలబడి తను కొట్టిన ఆజ్ఞ పిలుపుకు పోయింది. చుట్టూ ఉన్న సెలవుల ఫైళ్లు చూసి, పిలుపు అంటే ఇక ఇదే కాబోలు అనుకుంది గిట్. పాతవన్నీ తీసేశారని రాసుకుని, కొత్తవి పెట్టుకుంది. ఎవరూ సరిచూడకుండా నేరుగా పంపే హక్కు పిలుపు తన చేతిలో ఉన్నప్పుడు ఆమెకు ఇచ్చారు. ఇచ్చినవాళ్లు తీసుకోవడం మరిచిపోయారు.

“ఆస్పత్రిలో?” అంది.

“అక్కడికి నేను పంపితేనే పోతుంది. ఇంకా పంపలేదు, బతికాం. కానీ మేనేజర్ చూశాడక్కా. నువ్వు కావాలని...” పొట్టి ఆగింది. “రేపు పొద్దున రమ్మన్నాడు, ఇద్దర్నీ.”

ఫోను పెట్టేశాక మొగుడికి జరిగింది చెప్పింది. అతను ప్రెస్సులో అచ్చు పని చేస్తాడు, ఫైళ్ల గొడవ అంతగా తెలియదు.

“పోయినవి తిరిగొస్తాయా?” అన్నాడు.

“వస్తాయి. గిట్‌లో ఏదీ పోదు.”

“మరింకేం? జ్వరం హడావుడిలో తప్పు జరిగిందని చెప్పు. ఎవరికి జరగదు?”

“అసలా ఊసు నీకెందుకని అడుగుతారు కదా. సెలవుల పని చేసుకునేదానివి, పిలుపు నీ తెర మీదికి ఎందుకొచ్చింది అంటారు.”

“ఎందుకొచ్చింది?”

ఆమె పాప కాలి మేజోడు సరిచేసింది. అది సరిగ్గానే ఉంది. “రోజూ చూస్తాను” అంది.

“రోజూనా?” అతను గిన్నె కింద పెట్టాడు. “నాతో ఎప్పుడూ అన్లేదే!”

“ఏమని చెప్పను? సిగ్గుగా ఉండదూ?”

అతను ఏదో హాస్యమాడబోయి ఆమె ముఖం చూసి మానేశాడు. పాపను ఇంకో భుజానికి మార్చుకుని పక్కన వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు మేనేజరు గదిలో మూడు కుర్చీలు. పొట్టి ముందే వచ్చి కూర్చుని ఉంది. ఆమెను చూసి నవ్వాలా వద్దా తేల్చుకోలేక మంచినీళ్ల సీసా మూత తిప్పుతూ ఉండిపోయింది.

“కోపం ఉంటే నాతో చెప్పాల్సిందమ్మా” అన్నాడు మేనేజరు. గొంతులో కోపం లేదు. ఆయనకు కోపం రాదు, జాలి వస్తుంది. ఆమెకు అదే చిరాకు.

“కావాలని చెయ్యలేదండీ.” జరిగింది జరిగినట్టు వివరించింది. టెర్మినల్, చిరునామా, తీసెయ్యడం మరిచిపోవడం, జ్వరం. పొట్టికి మొదటి ముక్కలోనే అర్థమైంది, తల ఊపింది. మేనేజరు నెమ్మదిగా అర్థం చేసుకున్నాడు. ఆయనా ఒకప్పుడు ప్రోగ్రాములు రాసినవాడే.

“అయితే ఆ చిరునామా అక్కడెందుకుంది?” అన్నాడు. ఆమె నోరు తెరిచేలోగా తనే చెయ్యి అడ్డం పెట్టాడు. “పాత సెట్టింగేదో మిగిలిపోయుంటుంది లెండి. అలాగే రాసి పైకి పంపేద్దాం. మీకూ మాట రాదు, నాకూ రాదు.”

తప్పించుకోవడానికి తలుపు బార్లా తీసి పెట్టినట్టే. అవునండీ అంటే చాలు. సెలవుల సీటుకు వెళ్లిపోవచ్చు. రేపు పొద్దున్నే మళ్లీ దారి రాసి, మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకోవచ్చు. పరువు దక్కుతుంది. చూసుకునే ఆ కాస్తా దక్కుతుంది.

పొట్టి మూత తిప్పడం ఆపింది.

“పాతది కాదండీ” అంది ఆమె. “నిన్న నేనే పెట్టాను. రోజూ పొద్దున్నే చూస్తాను. ఎవరేం మార్చారు, ఏం రాశారు అని.”

“చూసి?”

“చూసి నా పని చేసుకుంటాను.”

“మరెందుకూ చూడ్డం?”

“మనసు ఊరుకోకండీ” అంది. “దాని మీద నుంచి మనసు పోలేదు. ఏం చెయ్యమంటారు?”

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మరక పడిందని కాదు, ఎటు చూడాలో తెలియక. చివరికి, ఎప్పటిలాగే, దయగా అన్నాడు: “సాయంత్రానికి మీ పర్మిషన్ తీయించేస్తాను. అది కళ్లముందు లేకపోతే మీకే హాయి. మీ మంచికేనమ్మా.”

పొడుగాటి ఆజ్ఞ కొట్టి, పొడుగాటి సమాధానం రాకుండా, అనుమతి లేదు అనే ఒక్క ముక్క కనపడే రేపటి పొద్దు ఆమె కళ్లకు కట్టింది.

“ముందు పిలుపు బాగుపడాలి కదా సార్” అంది పొట్టి. “ఎవరు చెడగొడితే వాళ్లే సరిచెయ్యాలి. ఇంకొకళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు. మా జట్టులో అదే పద్ధతి.”

ఆ పద్ధతి పెట్టింది ఎవరో ముగ్గురికీ తెలుసు. మేనేజరు సరేనన్నాడు.

పొట్టి తన కుర్చీ ఆమెకు ఇచ్చి, పక్క బల్ల దగ్గర్నుంచి స్టూలు తెచ్చుకుని కూర్చుంది. బల్ల మీద బిస్కెట్ పొడి, తిరగబడ్డ పెన్నులు. ఆమె అలవాటు కొద్దీ అరచేత్తో పొడి ఊడ్చేసింది. కొత్తగా ఒక కాపీ తెప్పించింది. ఫోల్డర్ పేరు పిలుపు. వేళ్లు అలవాటుగా పెద్ద సి వైపు పోయాయి.

“బయట్నుంచే చేస్తావా?” అంది పొట్టి, తెర కేసి చూస్తూనే.

ఆమె కొట్టింది చెరిపేసింది. మామూలు మనుషులు కొట్టే ఆజ్ఞ కొట్టి ఫోల్డర్ లోపలికి వెళ్లింది. లోపల సెలవుల ఫైళ్లు ఇంటివాళ్లు లేనప్పుడు దిగిన చుట్టాల్లా దర్జాగా ఉన్నాయి. నిన్నటి మార్పు గుర్తు వెతికి, దాన్ని వెనక్కి తియ్యమని చెప్పింది. ఒక్క క్షణం. పోయిన ఫైళ్ల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేశాయి. గొంతు, గదులు, వరస, సెలవు రోజుల్లో డాక్టర్లు. ప్రతి పేరూ ఆమె పెట్టిందే, కొన్ని కడుపులో పాప తంతుంటే పెట్టినవి. పెదాలు కదుపుతూ చదువుకుంది.

చదువుతూ చదువుతూ ఆగింది. వాటి మధ్యలో తనకు తెలియని పేర్లున్నాయి. తెలిసిన పేర్ల కంటే అవే ఎక్కువ.

పంపించేస్తే పని అయిపోయినట్టే. పంపించింది. కాని లేవలేదు. గొంతు అనే ఫైలు తెరిచింది. ఒట్టు ఎలాగూ పోయింది, ఇంకేం.

ఆగే సమయం గురించి తను రాసిన వ్యాఖ్య అక్కడే ఉంది: ‘ముసలివాళ్లు లేవడానికి సమయం పడుతుంది. దీన్ని తగ్గించవద్దు.’ దాని కింద పొట్టి ఇంకో వాక్యం రాసింది: ‘తగ్గించాం. లోపలికి వచ్చారని నర్సు బటన్ నొక్కేదాకా ఆ పేరే మళ్లీ మళ్లీ పిలుస్తుంది. నొక్కాకే తర్వాతి పేరు.’

ఆమె రెండుసార్లు చదివింది. పైకీ కిందికీ వెళ్లి చూసింది. నిజమే. ఎవరికి ఎంతసేపు కావాలంటే అంతసేపు. బాగా నడవలేనివాళ్లకు గొంతు ఇంకా నెమ్మదిగా పిలుస్తుంది. తను హాల్లో అన్ని పూటలు కూర్చుని ఒక అంకె దగ్గర ఆగిపోయింది. ఈ పిల్ల ఆ అంకె అవసరమే లేకుండా చేసింది. ఇన్నాళ్లూ బయటి నుంచి ఒక్కొక్క ముక్క చూసుకుని పాడు చేస్తున్నారని కుమిలిపోయింది. పిలుపేమో నిక్షేపంగా ఉంది. తను లేకుండా, తనకన్నా బాగా. సంతోషించాలని తెలుసు. అయినా తన వ్యాఖ్యనే మళ్లీ చదువుకుంది.

“బాగుందే” అంది.

పొట్టి నమ్మనట్టు చూసింది. “తిడతావనుకున్నా.”

“తిట్టుకున్నాగా నిన్నంతా.”

“ఎదురుగా వచ్చి తిట్టొచ్చు కదక్కా!” పొట్టి గొంతు ఒక్కసారిగా లేచింది. అటుపక్కవాళ్లు తలెత్తి చూసేసరికి తగ్గించుకుంది. “ఎన్నిసార్లు టీకి పిలిచాను? పనుందంటావ్. నీ పని నేనే లాక్కున్నట్టు మొహం పెడతావ్. నాకిస్తే నేనేం చెయ్యను? వద్దంటే నన్ను తీసేసేవాళ్లు. రోజూ చూస్తున్నావని ఒక్కసారి చెప్పుంటే ఎంత బాగుండేది! ఇది సరిగ్గా ఉందో లేదో అడగడానికి మనిషి లేక చచ్చాను.”

“నిజంగానే లాక్కున్నావనే కోపం” అంది ఆమె. “నీ తప్పు లేదని తెలిసే, కోపం.”

పొట్టి ముక్కు చీదుకుంది. ఇద్దరూ తెర వైపే చూస్తూ కూర్చున్నారు. తెర మీద గొంతు ఫైలు అలాగే తెరిచి ఉంది.

మేనేజరు అటుగా వచ్చాడు. “అయిందా? అన్నీ వచ్చాయా?”

“వచ్చాయండీ” అంది ఆమె. లేచి నిలబడింది. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు ఈ మాట అంటానని అనుకోలేదు. “సార్, నాకు పిలుపులో పని ఇవ్వండి.”

“అయ్యో, ఇప్పుడెలా అమ్మా? ఈ అమ్మాయి ఉంది కదా. మళ్లీ మిమ్మల్ని తెచ్చి పైన కూర్చోబెడితే తనేమనుకుంటుంది?”

“పైన వద్దు. తన కింద ఇవ్వండి.”

మేనేజరు పొట్టిని చూశాడు, ఆమెను చూశాడు. “తనకి నేర్పిందే మీరు.”

“అవునండీ. నాదని అడగట్లేదు. ఇప్పుడే చూశాను, నాది కాదు. నాది కాకపోయినా కావాలి.”

“అప్పుడే అడిగుంటే ఏదో ఒకటి చేసేవాళ్లం కదమ్మా” అన్నాడాయన నొచ్చుకుంటూ. “మీరు ఒక్క మాటా అనలేదు.”

“తీసుకునేటప్పుడు నన్నడగలేదు కదండీ” అంది. గొంతు పెంచలేదు. “ఇచ్చేటప్పుడు మాత్రం నేను అడగాలా? సరే, అడుగుతున్నాను. పాప ఉంది నాకు. జ్వరం వస్తుంది, వెళ్తాను. మళ్లీ వస్తాను. తేలిక పని వద్దు. నా మంచి నేను చూసుకుంటాను.”

మంచివాడే పాపం ఆయన. అందరికీ మంచి చెయ్యడంలో ఎవరినీ అడిగే అలవాటు తప్పిపోయింది, అంతే. కళ్లజోడు కోసం చెయ్యి పైకి పోయి మధ్యలో ఆగింది. “పర్మిషన్ తీసెయ్యమని చెప్పేశానే” అన్నాడు చివరికి. “మళ్లీ ఇవ్వమని రాయాలి. సంతకాలూ అవీ, వారం పడుతుంది. తియ్యడమైతే పూటలో తీస్తారు.” కాస్త ఆగి, “రాస్తాను” అన్నాడు. పొట్టి వైపు తిరిగాడు. “నువ్వేమంటావ్?”

పొట్టి స్టూలు మీంచి లేచింది. దాన్ని కాలితో ఆమె వైపు జరిపి, తన కుర్చీలో తాను కూర్చుంది. కీబోర్డు తన ముందుకు లాక్కుంది.

“పర్మిషన్ వచ్చేదాకా నువ్వు చెప్పు, నేను కొడతా” అంది ఆమెతో. “ముందు ఇది చూడు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ లేచొస్తున్నారు. నెల్లాళ్ల నుంచి నా వల్ల కావట్లేదు.”

ఆమె స్టూలు మీద కూర్చుంది. అది ఎత్తు తక్కువ, తెర సగమే కనపడుతోంది. కళ్లు మసకబారి ఆ సగమూ సరిగ్గా కనపడలేదు. చేతి వెనకతో తుడుచుకుంది, మళ్లీ నిండాయి.

“కొంచెం జరగవే, కనపడట్లేదు” అంది.